అడ్మిన్‌లు మాత్రమే మెసేజ్ పంపగలరు

మా పెద్దమ్మ ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైంది. పెదనాన్న పోయారు, కొడుకు అమెరికాలో స్థిరపడ్డాడు. రెండేళ్ల క్రితం హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట వైపు ఒక రిటైర్‌మెంట్ కమ్యూనిటీలో చేరింది. చోటు బాగుంటుంది. చెట్లు, నడవడానికి చదునైన దారులు, పిలిస్తే పలికే నర్సు. మొన్న వెళ్తే ఫోన్ నా చేతికిచ్చి, "ఇందులో రాయనివ్వట్లేదురా, పాడైందేమో చూడు" అంది. ఫోన్‌కేమీ కాలేదు. అక్కడివాళ్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూప్ అది. అడుగున, రాసే చోట, అడ్మిన్‌లు మాత్రమే మెసేజ్ పంపగలరని ఉంది. ఇంతకీ ఆవిడ చెప్పదలుచుకున్నది ఒక్క ముక్క. రాత్రి భోజనం ఏడింటికే పెడితే తెల్లారుజామున మూడింటికల్లా ఆకలేస్తోంది, కాస్త ఏడున్నర చేయండి అని.

పెద్దవాళ్లకి టెక్నాలజీ రాదని తేలిగ్గా అనేస్తాం. నిజానికి మనకి పనికొచ్చేవన్నీ వాళ్లు నేర్చేసుకున్నారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక చాలామంది పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇంట్లోంచే ఇచ్చేస్తున్నారు. కూరగాయల బండి దగ్గర ఫోన్‌తో స్కాన్ చేసి డబ్బులిస్తారు. అమెరికా మనవడికి వీడియో కాల్ చేస్తారు. గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపుతారు. డబ్బు కట్టడం, బొమ్మ పంపడం, కాల్ ఎత్తడం, అన్నీ నాలుగు నొక్కులతో అయ్యే పనులు. నలుగురిలో తన అభిప్రాయం రాసి, ఎదుటివాడి మాట చదివి, దానికి జవాబు రాయడం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరూ నేర్పలేదు. నేర్పాలని ఎవరికీ తోచలేదు కూడా.

అదే విచిత్రం. పత్రికలకి ఉత్తరాలు రాసింది ఈ తరమే. మా వీధిలో కుళాయి రావడం లేదనీ, ఫలానా వ్యాసంలో తేదీ తప్పనీ యాభై పైసల కార్డు మీద చీమల బారులా రాసి డబ్బాలో వేసొచ్చేవాళ్లు. సుందరయ్య పార్కు బెంచీల మీద రోజూ సాయంత్రం రాష్ట్ర బడ్జెట్‌ని చీల్చి చెండాడింది వీళ్లే. ఊరి చివర గేటెడ్ కమ్యూనిటీకి మారగానే ఆ బెంచీ పోయింది. దాని బదులు వచ్చిన గ్రూప్‌లో నీళ్ల ట్యాంకు కడిగే రోజు, యోగా క్లాసు టైమింగు తప్ప ఏమీ ఉండవు. నోటీసు బోర్డు పెట్టి దానికి గ్రూప్ అని పేరు పెట్టారన్నమాట.

ఇక రాయడంలో ఉన్న అసలు చిక్కు చూడాలంటే పెద్దమ్మ పక్కన గంట కూర్చోవాలి. తెలుగు కీబోర్డు పెట్టిస్తే 'లక్ష్మి' అని రాయబోయి ఆగిపోయింది. "ఒత్తు ఎక్కడుందిరా?" క కొట్టి, పొల్లు కొట్టి, ష కొట్టి, మళ్లీ పొల్లు కొట్టి, మ కొట్టి గుడి పెట్టాలంటే, "ఈ కసరత్తు కంటే కార్డు ముక్క నయం" అంది. అక్షరం సైజు చిన్నదైతే మన ఒత్తులు చుక్కల్లా కనిపిస్తాయి. కంటి ఆపరేషన్ అయినవాళ్లకి మరీ కష్టం. సెట్టింగ్స్‌లో సైజు పెంచుకోవచ్చని ఆవిడకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. గూగుల్ వాయిస్ టైపింగ్‌లోకి తెలుగు 2017లోనే వచ్చింది కదా అని మైకు బొమ్మ చూపించాను. ఆవిడ "మేనేజర్ గారు" అంటే అది "మేనేజర్ గాడు" అని రాసింది. అంతే, మైకు వైపు మళ్లీ చూడలేదు.

చివరికి కుదిరింది వేలితో రాయడం. గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డులో చేతిరాత పద్ధతి పెట్టుకుంటే తెర మీద వేలితో రాసిందల్లా అచ్చక్షరాలవుతుంది. నల్లబల్ల మీద ముప్పై ఏళ్లు రాసిన చెయ్యి. పది నిమిషాల్లో పట్టేసింది.

సాయం అంటే ఇదే. మనవళ్లు చేసేది వేరు. "ఇలా ఇవ్వు అమ్మమ్మా" అని ఫోన్ లాక్కుని టకటకా నాలుగు నొక్కి తిరిగిచ్చేస్తారు. పని అయిపోతుంది, నేర్చుకున్నదేమీ ఉండదు. నేర్పేవాడి చెయ్యి ఫోన్‌కి తగలకూడదని నియమం పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. శామీర్‌పేట, మేడ్చల్, ఘట్‌కేసర్ చుట్టుపక్కల కాలేజీలకి కొదవ లేదు. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) విద్యార్థి ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. అందులో వారానికో గంట, అదే పిల్లాడు అదే పెద్దావిడ దగ్గరికి వస్తే చాలు. బ్యానరు కట్టి, శాలువా కప్పి, ఒక్కపూట వర్క్‌షాప్ పెట్టి ఫొటో దిగితే ఒరిగేదేమీ లేదు.

పిల్లల భయం ఇంకోటి. "అమ్మా, ఏదీ నొక్కకు, ఎవరికీ జవాబివ్వకు" అని అమెరికా నుంచి రోజూ హెచ్చరిస్తుంటారు. భయం వట్టిది కాదు. పోలీసులమని వీడియో కాల్ చేసి, అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజే డిజిటల్ అరెస్ట్ మోసాల గురించి 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లోనే చెప్పాల్సి వచ్చింది. కానీ ఆ మోసం నడిచే తీరు చూడండి. దొంగ పోలీసు మొట్టమొదట పెట్టే షరతు, ఈ విషయం ఎవరికీ చెప్పకూడదని. కెమెరా ఆపకూడదు, గది దాటకూడదు. అంటే వాడికి కావలసింది మాట్లాడేందుకు మనిషి లేని ముసలాయన. "నాకిలాంటి కాల్ వచ్చింది, మీకెవరికైనా వచ్చిందా" అని నలుగురిలో రాసే అలవాటున్నవాళ్లు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయడానికి ఆలస్యం చేయరు. నోరు కట్టేసి కాపాడతామనుకుంటే దొంగ పని సులువవుతుంది.

గ్రూప్ తెరిస్తే గొడవలొస్తాయంటారు మేనేజర్లు. వస్తాయి. ఎన్నికలప్పుడు పార్టీలు, ఆ తర్వాత కులాలు, మధ్యలో వెల్లుల్లి వేయాలా వద్దా. డెబ్బై ఏళ్లు వచ్చినంత మాత్రాన ఎవరూ సాధువులైపోరు. దానికి తాళం వేయడం మందు కాదు. నెలకొకరు చొప్పున అక్కడుండేవాళ్లే పెద్దరికం వహించి, హద్దు దాటినవాళ్లని "అన్నయ్యగారూ, ఇక చాలు" అని ఆపగలరు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు నడిపినవాళ్లకి ఇదొక లెక్కా?

రాతలో జరిగే చర్చ వల్ల చెవి మందగించినవాళ్లకి ఎంత మేలో చాలామందికి తట్టదు. హాల్లో మీటింగు పెడితే వెనక వరసలో కూర్చుని చిరునవ్వు నవ్వేసి వచ్చేస్తారు పాపం. తెర మీదైతే అందరితో సమానం. నిద్ర పట్టక నాలుగింటికి లేచి, మెల్లగా చదువుకుని, మెల్లగా రాసుకోవచ్చు.

కాంపౌండు గోడ దగ్గరే ఆగిపోనక్కర్లేదు కూడా. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో అందరూ కూడి చర్చించుకునే చోటుకి రచ్చబండ అనే పేరు పెట్టారు. మన ఊళ్లకి విడివిడిగా పేజీలున్నాయి, ప్రతి పేజీకీ పక్కనే చర్చా పేజీ ఉంటుంది. పెద్దమ్మకి వాళ్ల ఊరి పేజీ తీసి చూపించాను. రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, "చెరువు పేరు తప్పు" అంది.

ఇంతకీ భోజనం సంగతి చెప్పలేదు. అడగ్గా అడగ్గా గ్రూప్‌ని సాయంత్రం రెండు గంటలు తెరుస్తున్నారు. మొదటి రోజే ఏడా, ఏడున్నరా అని వాదించుకుని, ఏడుంపావు దగ్గర ఆగారు. పెద్దమ్మకి అది నచ్చలేదు, రేపు మళ్లీ రాస్తానంది.

ఈలోగా చెరువు సంగతి చర్చా పేజీలో పెట్టింది. కింద నాలుగు టిల్డేలు (~ గుర్తు) కొడితే సంతకం దానంతటదే పడుతుందని చెప్పాను. ఆ గుర్తు కీబోర్డులో రెండో పేజీలో దాక్కుని ఉంటుంది, వెతికి పట్టుకుంది. నేను చూస్తుండగానే దాని పైన, చేతిరాతతో, 'ఇట్లు' అని చేర్చింది.