ప్రైవసీ క్లాసుకి వచ్చినవాళ్ళంతా ఫోన్ నంబర్ రాయండి

పొద్దున మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సైబర్ చట్టాల మీద క్యాంపు జరిగింది. సాయంత్రానికల్లా క్యాంపు నడిపిన లా కాలేజీ వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌లో మా అందరి ఫోన్ నంబర్లు.

అబద్ధం కాదు. ఎనిమిది ఫోటోలు పెట్టారు. ఐదో ఫోటోలో ఒక కుర్రాడు అటెండెన్స్ షీట్ మీదికి వంగి ఉన్నాడు. వేళ్ళతో లాగి పెద్దది చేస్తే పేరు, ఫ్లాట్ నంబర్, మొబైల్ నంబర్, సంతకం అన్నీ చదువుకోవచ్చు. పదకొండో వరసలో నేను. పన్నెండో వరసలో మా ఇంట్లో వంట చేసే అక్క. లోన్ యాప్ వాళ్ళ పోరు పడలేక పోయిన నెలే సిమ్ మార్చుకుంది. ఆ కొత్త నంబర్ గుండ్రటి అక్షరాల్లో ముచ్చటగా కనిపిస్తోంది. రాసింది నేనే. ఆవిడకి రాయడం రాదు కదా అని పెన్ను నేనే అందుకున్నాను. నా చేతులు విరగ!

శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. ఈ బల్లి మమ్మల్ని కూడా లాక్కుని పడింది.

ఇంతకీ క్యాంపులో ఏం చెప్పారో వినండి. 'టెక్నాలజీ, ఇంటర్నెట్ చట్టాల క్లినిక్' అని ఫ్లెక్సీ. మొదటి స్లైడులో జస్టిస్ పుట్టస్వామిగారి ఫోటో. మన బెంగళూరు పెద్దాయన, కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన మనిషి, 86 ఏళ్ళ వయసులో 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఒక్కమాటగా ప్రైవసీ ప్రాథమిక హక్కేనన్నారు. ఆయన ఫోటో కిందే టేబుల్, టేబుల్ మీద అటెండెన్స్ షీట్! ఆయన 2024లో పోయారు కాబట్టి సరిపోయింది.

తర్వాతి స్లైడు 2023 డేటా చట్టం. మన వివరాలు అడిగేవాళ్ళు ఎందుకు అడుగుతున్నారో నోటీసు ఇవ్వాలట. ఆ నోటీసుని ఇంగ్లీషులోనో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న 22 భాషల్లో దేంట్లోనైనానో చదువుకునే వీలుండాలట. ఎంత మంచి మాట! ఆ మంచి మాట ఇంగ్లీషులో చెప్పారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో సగం మంది పనివాళ్ళు, డ్రైవర్లు. కన్నడం వస్తుంది, తెలుగు వస్తుంది, తమిళం వస్తుంది. పాంప్లెట్ కూడా ఇంగ్లీషే. మా అక్క దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది, ఏదో మందుల చీటీ అన్నట్టు.

కాగితం మీద రాసినదానికి ఆ చట్టం వర్తించదు కదా అని ఎవరైనా లా పాయింటు తీస్తారేమో. కాగితాన్ని డిజిటల్‌గా మారిస్తే వర్తిస్తుంది బాబూ, అదే స్లైడులో ఉంది. ఫోటో తీసి ఇన్‌స్టాలో పెట్టడం మరేమిటి? అయినా మనకేం తొందర! చట్టం 2023లో వచ్చింది, రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇంకో ఏడాదిన్నర గడువిచ్చారు. అందాకా అందరం చక్కగా షీట్లు నింపుదాం.

ప్రశ్నల టైములో మా అక్క లేచింది. కొడుకు ఆవిడ ఫోనులోనే మూడు వేల లోన్ తీసుకున్నాడు. యాప్ వాళ్ళు కాంటాక్టులన్నీ లాగి, ఆవిడ పనిచేసే ప్రతి ఇంటికీ ఫోన్ చేసి దొంగ అని చెప్పారు. రెండిళ్ళు పని మాన్పించాయి. ఇదంతా మదనపల్లె తెలుగులో గడగడా చెప్పి, "నేనేం చేసేది సార్?" అని అడిగింది. ప్రొఫెసర్‌గారు నవ్వుతూ, "వీ డోంట్ టేక్ ఇండివిడ్యువల్ కేసెస్, ఓన్లీ అవేర్‌నెస్" అన్నారు. నేను తర్జుమా చేశాను. "అంటే ఏమిమ్మా?" అంది. ఏం చెప్పను? డాక్టరు రోగిని చూడడు, రోగం మీద పాట పాడతాడు అని చెప్పనా?

సరే, వాళ్ళ బాధా చెప్పాలి. బార్ కౌన్సిల్ 2008 రూల్స్ ప్రకారం ప్రతి లా కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలి. కానీ విద్యార్థులకి నల్లకోటు రాలేదు, ఫుల్‌టైమ్ లెక్చరర్లకి కోర్టులో వాదించే వీల్లేదు. అమెరికాలో హార్వర్డ్ లాంటి చోట సైబర్ లా క్లినిక్ అంటే పిల్లలు లాయరు పర్యవేక్షణలో నిజం క్లయింట్ల పని చేస్తారు. ఇక్కడ క్లినిక్ అంటే ఫ్లెక్సీ, సమోసా, గ్రూప్ ఫోటో. కానీ ఫిర్యాదు రాయడానికి నల్లకోటు ఎందుకండీ? నెట్‌లో పెట్టిన మాటలకి అరెస్టు చేసేవాళ్ళే, ఆ ఐటీ చట్టం 66ఏ సెక్షన్ మీద పిటిషన్ వేసేనాటికి శ్రేయా సింఘాల్ అనే అమ్మాయి వయసు 21. 2015లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్నే కొట్టేసింది. ఆ స్లైడూ చూపించారు, మాచేత చప్పట్లూ కొట్టించారు. ఒక్క అర్జీ రాయమంటే మాత్రం పాలసీ అడ్డొచ్చింది.

రాసింది ఒక్క పిల్ల. కర్నూలు అమ్మాయి, రెండో ఏడాది. అందరూ సమోసాల దగ్గరుంటే లిఫ్ట్ పక్కన మెట్ల మీద మా అక్కని కూర్చోబెట్టి ఫోన్ అడిగింది. సెట్టింగ్స్ తెరిచి చూపించింది. కాంటాక్ట్స్, ఫోటోలు, లొకేషన్, అన్నీ ఆన్‌లోనే. "అత్తా, రూల్ ప్రకారం లోన్ యాప్ నీ కాంటాక్టులు ముట్టుకోకూడదు, రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. మెసేజులు ఒక్కటి కూడా తీసేయొద్దు, ఫోనూ మార్చొద్దు. రేపు కోర్టు దాకా పోతే స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు, అవి ఈ ఫోనులోవేనని సర్టిఫికెట్ అడుగుతారు" అంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించింది, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎక్కించింది, రిజర్వ్ బ్యాంకు సచేత్ పోర్టల్‌లో కూడా. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారని, 1987 నాటి చట్టంలోనే ఉందని కూడా ఆ పిల్లే చెప్పింది. ఆ ముక్క ఒక్క స్లైడులో లేదు! ఫిర్యాదు నంబర్‌ని అదే పాంప్లెట్ వెనక రాసిచ్చింది. మొత్తం నలభై నిమిషాలు. గ్రూప్ ఫోటోలో ఆ అమ్మాయి లేదు, చూసుకోండి.

అసలు ఈ క్యాంపుని పిలిచిందెవరు? మా సెక్రటరీగారు. పనివాళ్ళ కోసం గేట్ యాప్ పెట్టిన మహానుభావుడు. ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారు, ఏ ఫ్లాట్‌కి వెళ్ళారు, ఎన్నింటికి బయటికెళ్ళారు, ఫోటోతో సహా. పైగా పనివాళ్ళకి స్టార్లు. మా అక్కకి ఎవరో పుణ్యాత్ములు రెండు స్టార్లిచ్చారు, ఎందుకో ఎవరూ చెప్పరు. ఆవిడ మాత్రం మనకి ఒక్క స్టారూ ఇవ్వడానికి లేదు. ఇచ్చుంటే మన ఫ్లాట్ల అద్దెలు పడిపోయేవి. రెండేళ్ళ కింద మీటింగులో లేచి ఈ వివరాలన్నీ ఏ కంపెనీకి పోతున్నాయండీ అని అడిగాను. "దాచుకునేదేమైనా ఉందా మేడం?" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, అది వేరే లెక్క, ఇంకా తేలలేదు. అదే పెద్దమనిషి ఇవాళ స్టేజీ ఎక్కి డేటా మన ఆస్తి అని పది నిమిషాలు మాట్లాడారు.

ఇందాక అక్కకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మళ్ళా సిమ్ము మార్చాల్నా అమ్మా?" అంది. ఇన్నూటయాభై అయింది పోయినసారి.

ఫోటో తీసెయ్యండి, నంబర్లు కనిపిస్తున్నాయి అని కాలేజీ పోస్టు కింద గంట కిందట కామెంట్ పెట్టాను. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపారు. ఫోటో అక్కడే ఉంది. నలభై మూడు లైకులు. మా సెక్రటరీగారు ఎర్ర గుండె కూడా పెట్టారు.