ఎండు వాగులో బంగారం: బావాబావమరుదుల వాదం

అరిజోనాలో ఎండలు తగ్గి ఎడారిలో తిరగడానికి వీలయ్యే కాలం వచ్చింది. బావమరిది డ్రైవాషర్ కొంటానంటున్నాడు. అంటే నీళ్లతో పనిలేకుండా, గాలి ఊది మట్టిలోంచి బంగారాన్ని విడదీసే పెట్టె. బావ వద్దంటున్నాడు. ఇద్దరికీ కావాల్సినవాణ్ణని నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

బావమరిది: బావా, ఈ ఎడారిలో బంగారం ఉందన్నది ముందు ఒప్పుకో. 1862లో కొలరాడో నదికి కాస్త ఎడంగా లా పాజ్ దగ్గర దొరికింది. ఆ మరుసటి ఏడాదే రిచ్ హిల్. అక్కడైతే కొండ మీదే ముద్దలు ఏరుకున్నారు. 1893లో కాలిఫోర్నియా వైపు మొహావీ ఎడారిలో గోలర్ లోయ. ఎక్కడా సరైన నీళ్లు లేవు.

బావ: ఉందని కాదన్నానా? ఉండేది. జనం వేలంవెర్రిగా వచ్చి ఊడ్చుకుపోయారు. నూట అరవై ఏళ్ల తర్వాత నువ్వొస్తావని మిగిల్చి పెట్టారేంటి?

బావమరిది: మిగిల్చారు, తెలియకే. వాళ్ల డ్రైవాషర్ పైన ఒక జల్లెడ ఉండేది. దాని కన్నాల్లోంచి దిగని రాళ్లన్నీ పక్కకి దొర్లిపోయేవి. పెద్ద ముద్ద మట్టి పట్టి ఉంటే అదీ రాయిలాగే కనిపిస్తుంది, అదీ ఆ కుప్పలోకే పోతుంది. ఇప్పుడు మెటల్ డిటెక్టర్, అంటే కింద లోహం ఉంటే కూసే పరికరం, పట్టుకున్నవాళ్లు ముందుగా వెతికేది ఆ కుప్పలే.

బావ: ఆగరా. కుప్పల్లో ముద్దలుంటాయన్నది డిటెక్టర్ కొనడానికి కారణం. నువ్వు కొంటానంటోంది డ్రైవాషర్!

(ఇక్కడ బావమరిది నావైపు చూశాడు. నేను సీలింగ్ వైపు చూశాను.)

బావమరిది: రెండూ కావాలి. డిటెక్టర్‌కి సన్న రేణువులు వినపడవు. వాగులో ఎక్కువగా ఉండేది సన్నదే. చారెడు చారెడు ఎత్తి చూస్తే తప్ప ఆ చోట ఏముందో తెలీదు.

బావ: సరే, వాగు సంగతే మాట్లాడదాం. నువ్వు వీడియోల్లో చూసేదంతా నదుల కథ. ఏడాది పొడుగునా పారే నదిలో నీళ్లు ఇసుకని కదుపుతూనే ఉంటాయి, బరువైన బంగారం మెల్లగా కిందికి దిగి అడుగు రాతి మీద కూర్చుంటుంది. వంపు లోపలివైపు, బండరాయి వెనక, రాతి పగుళ్లలో చూడమంటారు. ఎడారి వాగుకి అంత తీరిక ఎక్కడిది? ఎక్కడో కొండల మీద ఒక్క వాన దంచుతుంది. అరగంటలో బురద, రాళ్లు, చెట్లు కలిసి దూసుకొస్తాయి. చిక్కటి బురదలో బంగారం కూడా మిగతావాటితో కలిసిపోయి కొట్టుకొస్తుంది. నీళ్లు ఇసుకలోకి ఇంకగానే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అడుగు దాకా దిగే వ్యవధే ఉండదు.

బావమరిది: నువ్వన్నది నిజమే. అందుకే అడుగు రాయి దాకా పోనక్కర్లేదు అంటున్నా. ఒక్కో వరద ఒక్కో పొర వేస్తుంది, ఆ పొరల మధ్య సన్నటి గీతల్లా బంగారం ఉంటుంది. ఇంకొకటి, కలీచీ. వాన నీళ్లలో కరిగిన సున్నం, నీళ్లు ఆవిరయ్యాక గులకరాళ్లని పట్టుకుని సిమెంటులా గట్టిపడుతుంది. పలుగుతో కొడితే ఖంగుమంటుంది. దిగే బంగారానికి అదే అడుగు రాయి. అసలు రాయి పది అడుగుల లోతున ఉన్నా, కలీచీ రెండడుగుల్లోనే ఉండొచ్చు. దాని మీదున్న చివరి నాలుగంగుళాలు గీకి, చీపురుతో ఊడ్చి తేవాలి. వాగు గట్టు కోసుకుపోయిన చోట ఆ తెల్ల చార బయటికే కనిపిస్తుంది, తవ్వి చూడక్కర్లేదు.

బావ: నాలుగంగుళాల మందం, ఎంత పొడుగు? ఎంత వెడల్పు? ఒక ఘనమీటరు మట్టి అంటే టన్నున్నర. పార నీది, నడుము నీది.

బావమరిది: వాగంతా తవ్వుతానన్నానా? అక్కడో బకెట్, ఇక్కడో బకెట్ పరీక్షిస్తా. రేణువులు పదును అంచులతో, గరుకుగా ఉంటే అవి పుట్టిన క్వార్ట్జ్ సిర, అంటే కొండరాతిలో చారలా ఉండే తెల్లరాయి, దగ్గర్లోనే ఉన్నట్టు. నున్నగా అరిగి ఉంటే దూరం నుంచి వచ్చినట్టు. ఆ తేడా పట్టుకుని పైకి పోతా.

(ఈ ముక్క మాత్రం నాకు నచ్చింది. ఇంతసేపూ బంగారం కోసం మాట్లాడినవాడు మొదటిసారి వాగు గురించి మాట్లాడాడు.)

బావ: బాగుంది. మరి గాలి లెక్క చెప్పనా? ఇసుక సాంద్రత 2.65, స్వచ్ఛమైన బంగారానిది 19.3. గాలిలో ఇసుకకంటే బంగారం ఏడు రెట్ల పైచిలుకు బరువు. అదే నీళ్లలో అయితే, నీళ్ల సాంద్రత 1 కాబట్టి, ఆ రెండు అంకెల్లోంచీ 1 తీసెయ్యాలి. 18.3ని 1.65తో భాగిస్తే పదకొండు. ఒకే సైజు గింజలకి గాలిలో ఏడు రెట్ల తేడా, నీళ్లలో పదకొండు. నీళ్లకున్న ఒడుపు గాలికి లేదు. నీ పెట్టె ఎంత మంచిదైనా సన్న బంగారంలో కొంత పారేసే మట్టితోపాటే బయటికి పోతుంది. సన్నదాని కోసమే పెట్టె అన్నావు కదా?

బావమరిది: కొంత పోనీ. నీళ్లు లేని చోట పదకొండు ఎక్కడ తెస్తాం బావా? ఏడైనా ఉందిగా. పూర్వం దుప్పటిలో మట్టి పోసి ఎగరేసి, వడ్లు తూర్పారబట్టినట్టు గాలికే వదిలారు. తర్వాత తిత్తి, దాని మీద గుడ్డ, గుడ్డ మీద అడ్డపట్టీలు వచ్చాయి. తిత్తి కొట్టినప్పుడల్లా తేలికది పట్టీ దాటి దూకుతుంది, బరువైంది పట్టీ వెనక ఆగుతుంది. చివర్లో మిగిలిన నల్ల ఇసుకని ఇంటికి తెచ్చి పళ్లెంలో నీళ్లతో కడుగుతా. అప్పుడు నీ పదకొండు వాడుకోవచ్చు.

బావ: మట్టి తడిగా ఉంటే?

బావమరిది: ఉంటే కుదరదు. కొంచెం చెమ్మ ఉన్నా ఉండలు కడుతుంది, ఉండలోపలి బంగారం ఉండతోపాటే పోతుంది. ఎండబెట్టి, నలిపి, మళ్లీ పొయ్యాలి.

బావ: నలిపి పోస్తే లేచేదేంటి? దుమ్ము. అసలు విషయానికి వచ్చావు. ఈ మట్టిలో కాక్సిడియాయిడిస్ అనే బూజు ఉంటుంది. మట్టి కదిలితే దాని బీజాలు గాలిలోకి లేస్తాయి, పీలిస్తే వ్యాలీ ఫీవర్. ఈ దేశంలో ఆ జబ్బు ఎక్కువగా కనబడేది అరిజోనా, కాలిఫోర్నియాల్లోనే. చాలామందికి ఏమీ కాదు, ఒప్పుకుంటా. పట్టినవాళ్లకి మాత్రం దగ్గు, జ్వరం, నీరసం వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి. కొద్దిమందిలో ఊపిరితిత్తులు దాటి పోతుంది. షుగర్ ఉన్నవాళ్లకి తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువ. నీకు షుగర్ ఉంది. నువ్వు కొంటున్నది పొద్దస్తమానం దుమ్ము లేపడానికే చేసిన యంత్రం.

బావమరిది: ఎన్95 మాస్క్ పెట్టుకుంటా. గాలి వచ్చే వైపు నిలబడతా.

బావ: గాలి నీ మాట విని తిరుగుతుందా? లోయలో నిమిషానికోసారి మారుతుంది. మాస్క్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసెయ్యదు.

(దీనికి బావమరిది దగ్గర జవాబు లేదు. కాసేపు ఆగి మాట మార్చాడు. నేను గమనించానని వాడూ గమనించాడు.)

బావమరిది: అదృష్టం కూడా లెక్కలోకి రావాలి బావా. 1977లో మొహావీలోని రాండ్స్‌బర్గ్ దగ్గర డిటెక్టర్‌తో 156 ట్రాయ్ ఔన్సుల ముద్ద దొరికింది. దాదాపు నాలుగు కిలోల ఎనిమిది వందల గ్రాములు. 1989లో మెక్సికోలోని సొనోరా ఎడారిలో ఒకాయన చవక డిటెక్టర్‌తో 12 కిలోలు దాటిన ముద్ద తీశాడు. బూటు ఆకారంలో ఉందని బూట్ ఆఫ్ కోర్టెజ్ అన్నారు. 2008 వేలంలో పదిహేను లక్షల డాలర్లకి పైనే పలికింది.

బావ: రెండూ డిటెక్టర్ కథలే, విన్నావా? పైగా ఖాళీ చేతులతో ఇంటికొచ్చినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టరు. ఎడారిలో డిటెక్టర్‌కి ముందు వినపడేది తుపాకీ గుండ్లూ, మేకులూ. సీసం గుండుకీ బంగారానికీ మోతలో తేడా చెప్పడం కష్టం, ప్రతిదీ తవ్వాలి. మట్టిలో ఇనుము ఎక్కువైతే మామూలు డిటెక్టర్ ఊరికే కూస్తుంది, పల్స్ ఇండక్షన్ రకం కావాలి, అది ఖరీదు.

బావమరిది: అంటే డిటెక్టర్ కూడా వద్దా?

బావ: వద్దనలేదు. స్థలం ఎవరిదో తెలుసుకోకుండా ఏదీ వద్దంటున్నా. ఫెడరల్ భూమి అంటే అందరిదీ అనుకోకు. 1872 గనుల చట్టం కింద ఎవరైనా క్లెయిమ్, అంటే అక్కడ తవ్వుకునే హక్కు, వేసి ఉంటే అందులో బంగారం వాళ్లదే. గుర్తు కర్రలు పడిపోయి ఉండొచ్చు, క్లెయిమ్ మాత్రం బతికే ఉంటుంది. కౌంటీ రికార్డులూ, భూనిర్వహణ శాఖ బీఎల్ఎం రికార్డులూ రెండూ చూడాలి. బీఎల్ఎం భూమి మీద చేతి పనిముట్లతో చిన్నగా గీక్కుంటే సాధారణంగా ఏమీ అనరు, మట్టి తవ్వే యంత్రాలు దింపాలంటే ముందు నోటీసివ్వాలి. నేషనల్ పార్కుల్లో పారే దించకూడదు. రాష్ట్ర భూములకి మళ్లీ వేరే పర్మిట్. మొహావీ వైపు వెళితే తాబేళ్లు, అవి 1990 నుంచి రక్షిత జాబితాలో ఉన్నాయి. బెదిరితే ఒంట్లో దాచుకున్న నీళ్లు వదిలేస్తాయి, ఎండల్లో అదే వాటికి చావు. చేత్తో ఎత్తకు.

బావమరిది: తాబేలు కోసం పోవట్లేదు బావా.

బావ: అది నీ కారు నీడలోకి వస్తుందిరా. బయల్దేరేముందు వంగి చూసుకోవాలి. సరే, చివరి మాట. డ్రైవాషర్ మానేసి డిటెక్టర్ కొను, సగం డబ్బు నేనిస్తా.

బావమరిది: మరి కలీచీ మీది సన్న బంగారం?

బావ: ఓ బకెట్ తెచ్చి ఇంట్లో కడుక్కో. మట్టిని తడిపి ఎత్తితే దుమ్ము కూడా అంతగా లేవదు.

బావమరిది: బకెట్‌తో ఎంతొస్తుంది?

బావ: పెట్టెతో ఎంతొస్తుందో అందులో కొంచెం తక్కువ.

బావమరిది: సరే, డిటెక్టర్‌కే వద్దాం. సగం డబ్బిస్తే దొరికిన ముద్దలో సగం అడుగుతావా?

బావ: అడగనా మరి?

బావమరిది: తవ్వేది నేను!

(తీర్పు అడిగారు. పెట్టె వద్దన్నాను. ముద్దలో వాటా గురించి మాత్రం నన్ను అడగొద్దన్నాను.)