తప్పు మాది కాదు, డబ్బు తీసుకోండి

బ్రిటన్ పోలీసులకు దర్యాప్తు చేతకాదనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. చేతకాకపోవడమేమిటి? వాళ్ల మీద ఎవరైనా నష్టపరిహారం దావా వేసి చూడండి. అంతవరకూ నిమ్మకు నీరెత్తినట్టున్న డిపార్ట్‌మెంటుకి ఒక్కసారిగా ప్రాణం లేచొస్తుంది. ఫిర్యాదు చేసిన మనిషి ఆనాడు చెప్పిన మాటకీ ఇవాళ చెప్పిన మాటకీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తారు. ఇంత నైపుణ్యాన్ని హంతకుల మీద వృథా చెయ్యకుండా దాచుకున్నందుకు మెచ్చుకోవాలి గానీ తిడతారేం?

యార్క్‌షైర్ సంగతే తీసుకోండి. పీటర్ సట్‌క్లిఫ్ 13 మంది ఆడవాళ్లని చంపాడు. పోలీసులు అతణ్ని తొమ్మిదిసార్లు ప్రశ్నించి, తొమ్మిదిసార్లూ మర్యాదగా వదిలారు. ఎవడో ఆకతాయి 'నేనే హంతకుణ్ని' అని క్యాసెట్టు పంపిస్తే, ఆ గొంతులోని యాస లేనివాళ్లని అనుమానితుల జాబితాలోంచి తీసేశారు. చివరికి 1981లో సట్‌క్లిఫ్ దొరికింది కారుకి దొంగ నంబరు ప్లేటు ఉన్నందుకు. ఆఖరి హతురాలి తల్లి పోలీసుల మీద దావా వేస్తే 1988లో, అప్పట్లో అక్కడ అన్నిటికన్నా పెద్ద కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. ఇలాంటి దావాలు ఒప్పుకుంటే పోలీసులు భయంభయంగా పనిచేస్తారట, నేరాల మీద ఉండాల్సిన మనుషులు కోర్టుల చుట్టూ తిరగాల్సొస్తుందట. భయం లేకుండా పనిచేస్తే ఎలా ఉంటుందో అప్పటికే తొమ్మిదిసార్లు చూశాం కదా.

తర్వాత 1998లో మానవ హక్కుల చట్టం వచ్చింది. దాని కింద పోలీసుల మీదా దావా వెయ్యొచ్చు, కాకపోతే మామూలుగా ఏడాదే గడువు. నేరస్తుణ్ని పట్టుకోవడానికి పోలీసులకి అలాంటి గడువేమీ లేదు లెండి. తొందరపెడితే పని చెడిపోతుంది.

అందుకే నాదో సలహా. పోలీసుల్లో డిటెక్టివులూ, దావాలు చూసే లాయర్లూ, ఈ రెండు సెక్షన్ల పనీ తారుమారు చేసేద్దాం. నేరాల దర్యాప్తు పోలీసు లాయర్లకిచ్చేద్దాం. ఓ మహిళ స్టేషన్‌కొచ్చి టాక్సీ డ్రైవరు మీద ఫిర్యాదు చేసిందనుకోండి. లాయరు అప్పటికప్పుడే టాక్సీ నంబరు రాసుకుంటాడు, సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకముందే తెప్పిస్తాడు, నిందితుడు చెప్పిన ప్రతి ముక్కకీ ఆధారం చూపించమని నోటీసు మీద నోటీసు పంపుతాడు. పదేళ్లయినా వదలడు. నష్టపరిహారం దావాలేమో డిటెక్టివులకిద్దాం. దావా కాగితం వస్తుంది. ఆయన దాన్ని సొరుగులో పెడతాడు. ఆర్నెల్ల తర్వాత ట్రాన్స్‌ఫర్ అవుతాడు. కొత్తాయనకి ఆ సొరుగు తాళం దొరకదు. దావా వేసినావిడ ఫోన్ చేస్తే 'ఏ దావా అమ్మా?' అంటాడు. ఆవిడ ఓపిగ్గా మొదట్నుంచీ చెబితే, మీకు సరిగ్గా గుర్తున్నట్టు లేదు, ఇంటికెళ్లి ఆలోచించుకోండి అంటాడు. ఈలోగా కోర్టులో జవాబు దాఖలు చెయ్యాల్సిన గడువు కాస్తా దాటిపోతుంది. బాధితురాలు గెలుస్తుంది!

సొరుగు నా కల్పనే గానీ బీరువా మాత్రం కాదు. డేనియల్ మోర్గాన్ అనే ప్రైవేటు డిటెక్టివ్‌ని 1987లో లండన్ పబ్బు కారు పార్కింగులో గొడ్డలితో నరికి చంపారు. దర్యాప్తు మీద దర్యాప్తు జరిగింది, ఒక్కడికీ శిక్ష పడలేదు. దీని మీద వేసిన స్వతంత్ర ప్యానెల్‌కి అందాల్సిన కాగితాలు కొన్ని 2023లో బయటపడ్డాయి. ఎక్కడ? పోలీసుల సొంత హెడ్డాఫీసులో, తాళం వేసిన బీరువాలో. ఆ ఏడాదే కుటుంబంతో రాజీ కుదిరింది, తప్పు ఒప్పుకున్నారు. హత్య జరిగిన 36 ఏళ్లకి.

ఇక జాన్ వార్బాయ్స్. లండన్‌లో టాక్సీ ఎక్కిన ఆడవాళ్లకి మత్తుమందిచ్చి అత్యాచారాలు చేసినవాడు. 2003లో ఒకామె విషయంలో స్టేషన్ రిసెప్షన్లో సంబంధించినవాళ్ల పేర్లూ, బండి నంబరూ రాసుకోలేదు. 2007లో ఇంకొకామె ఫిర్యాదు చేస్తే అతణ్ని అరెస్టు చేసి, ఇల్లు కూడా సోదా చెయ్యకుండా వదిలేశారు. టాక్సీ డ్రైవరు బండిలో మద్యమే ఉండదు, మత్తుమందు ఎక్కడిది అన్నట్టు రికార్డులో రాసుకున్నారు. వాడు మళ్లీ టాక్సీ తీశాడు. ఆ ఇద్దరికీ హైకోర్టు ఇమ్మన్నది 22,250 పౌండ్లు, 19,000 పౌండ్లు. మెట్రోపాలిటన్ పోలీసులు, అంటే లండన్ పోలీసులు, అప్పీలుకెళ్లారు. అక్కడ ఓడి సుప్రీంకోర్టుకెళ్లారు. వాదనేమిటయ్యా అంటే, మా వ్యవస్థలో లోపం ఉంటే మమ్మల్నడగండి, ఫలానా కేసులో దర్యాప్తు సరిగ్గా చెయ్యకపోతే అడక్కండి అని. 2018 ఫిబ్రవరిలో అక్కడా ఓడారు.

ఇక్కడ వెటకారం నా వల్ల కావడం లేదు. సిగ్గుండాలి. చెప్పింది నమ్మమని ఒకామె కాళ్లరిగేలా తిరిగితే సోదా వారంటుకి దిక్కులేదు, ఆమెకి పైసా దక్కకూడదనడానికి మాత్రం మూడు కోర్టుల్లో పెద్ద లాయర్లా? అందులో పదోవంతు పట్టుదల 2003లో చూపించి ఉంటే, ఆ తర్వాత వాడి బండెక్కిన ఆడవాళ్లంతా క్షేమంగా ఇంటికి చేరేవారు. ఆ లెక్క ఏ రాజీపత్రంలో రాస్తారు?

షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియం తొక్కిసలాటలో 97 మంది పోయారు. పోలీసుల వాంగ్మూలాల్లో 164 గణనీయంగా మార్చారని, అందులో 116 పోలీసులకి ఇబ్బందైన మాటలు తీసేయడానికో మార్చడానికో అని 2012లో ఈ ఘటన మీద వేసిన స్వతంత్ర ప్యానెల్ తేల్చింది. నిజం దాచినందుకు 601 మందికి పరిహారమిస్తూ రాజీ చేసుకున్నట్టు 2021లో చెప్పారు, అంటే 1989 నాటి ఘటనకి 32 ఏళ్లకి. అదే ఏడాది, వాంగ్మూలాలు మార్చారన్న కేసులో విచారణ మధ్యలోనే కుప్పకూలి నిందితులు ముగ్గురూ ఇంటికెళ్లారు. ఇక డబ్బంటారా, అత్త సొమ్ము అల్లుడు దానం. అక్కడ పోలీసు బడ్జెట్‌లో కొంత కౌన్సిల్ టాక్స్, అంటే ఇళ్ల మీద వేసే స్థానిక పన్ను, నుంచే వస్తుంది కాబట్టి పరిహారం పుచ్చుకున్నవాళ్లలోనూ కొందరు దానికి తమ వంతు కట్టే ఉంటారు. రసీదు అడిగితే ఇస్తారేమో కనుక్కోవాలి.