ఇంకుడు గుంతల కంటే ముందు మట్టి సంగతి చూడాలి

పాత ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లు, షాపులు, పార్కు కలిపి కట్టడం గురించి వచ్చిన ఒక వ్యాసంలో, ఎక్కడికక్కడ ఇంకుడు గుంతలు తవ్వాలని రాశారు. ఇది ప్రమాదకరమైన సలహా. నేలలో హెక్సావలెంట్ క్రోమియం (క్రోమియం లోహపు విషరూపం), సాల్వెంట్లు (జిడ్డు, రంగులు కరిగించే రసాయనాలు) మిగిలి ఉంటే, ఇంకే వాన నీరు వాటిని నేరుగా భూగర్భ జలాల్లోకి దించేస్తుంది. మట్టి శుభ్రమని పరీక్షలో తేలిన చోటే గుంత తవ్వాలి. మిగతా చోట్ల నీటిని పైపైనే కాలువల్లో పారించాలి. స్వీడన్‌లోని మాల్మోలో పాత ఓడరేవు పారిశ్రామిక ప్రాంతంలో 2001లో వచ్చిన బో01 కాలనీలో ఇలాంటి తెరిచిన కాలువలే ఉన్నాయి.

వ్యాసం అసలు ముట్టుకోనిది ఆవిరి సంగతి. లోహాల జిడ్డు వదిలించడానికి వాడిన ట్రైక్లోరోఎథిలీన్ అనే సాల్వెంటు నేలలో మిగిలితే, అది ఆవిరై ఫ్లోర్ పగుళ్లలోంచి గదుల్లోకి చేరుతుంది. పైన అర మీటరు కొత్త మట్టి పోసినంత మాత్రాన ఆగదు. ఫ్లోర్ స్లాబు కింద 10 సెంటీమీటర్ల కంకర, అందులో చిల్లుల పైపులు, వాటిపైన మెంబ్రేన్ (ఆవిరిని ఆపే ప్లాస్టిక్ పొర) వేసి, పైపుల్లో చేరిన ఆవిరిని డాబా పైదాకా పైపుతో బయటికి పంపాలి. ఎక్కువగా దెబ్బతినేది నీళ్ల పైపు, డ్రైనేజీ పైపు మెంబ్రేన్‌ను చీల్చుకుని పైకొచ్చే చోట. అక్కడ పైపు చుట్టూ కాలర్ (బిగుతైన పట్టీ) వేసి సీల్ చేయకపోతే మిగతా ఖర్చంతా వృథా. కాంక్రీటు పోయకముందే మెంబ్రేన్ కింద పొగ పెట్టి లీకులు పట్టుకోవాలి, తర్వాత వెతకడం దాదాపు అసాధ్యం.

కూరగాయలు మాత్రం నేలలో వద్దు, అడుగు మూసిన తొట్లలో బయటి నుంచి తెచ్చిన మట్టి పోసి పెంచుకోవాలి.