పరిశుద్ధమైన చెవిపోటు

పాట బాగుంటే వినాలి, బాగోకపోతే ఆపేయాలి అనే ప్రమాదకరమైన అభిప్రాయం సమాజంలో చాలాకాలంగా చెలామణీలో ఉంది. దాన్ని ఖండించడానికి స్ట్రైపర్ అనే క్రైస్తవ మెటల్ బృందం అభిమానులను మించిన సాక్షులు దొరకరు. ఆ బృందం 1986లో విడుదల చేసిన ఆల్బమ్ పేరు 'టు హెల్ విత్ ద డెవిల్'. సాతాను నరకానికి పోవుగాక అని భావం. అభిమానులు దాన్ని విన్నారు, విన్న ప్రతిసారీ ఎందుకు విన్నారో ఎవరికో ఒకరికి సంజాయిషీ ఇచ్చుకున్నారు. కళారాధనలో ఇంతటి క్రమశిక్షణ మరెక్కడా కనబడదు.

ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది క్యాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీకి చెందిన నలుగురి బృందం. మైకేల్ స్వీట్ పాడతాడు, ఆజ్ ఫాక్స్‌తో కలిసి గిటార్ వాయిస్తాడు. అన్న రాబర్ట్ డ్రమ్స్. మెడ నుంచి మడమ దాకా పసుపు, నలుపు చారల బట్టలు. గిటార్లకూ చారలే, డ్రమ్ములకూ చారలే. రాత్రిపూట లారీలు గుద్దకుండా మన రోడ్ల మధ్య డివైడర్లకు వేసే రంగులు అవే. జుట్టు మాత్రం అప్పటి లాస్ ఏంజెలెస్ నియమావళి ప్రకారం హెయిర్ స్ప్రే సాయంతో పరలోకం వైపు లేచి ఉండేది. తను వాయించేది జనానికి కనబడాలని రాబర్ట్ డ్రమ్ములను పక్కకు తిప్పి పెట్టుకునేవాడు. పైగా తనను డ్రమ్మర్ అనకూడదు, 'విజువల్ టైమ్‌కీపర్' అనాలి. బైబిల్లో వినయం గురించి చాలా వచనాలున్నా బృందం లోగో కింద వాటికి చోటు దొరకలేదు. అక్కడ యెషయా 53:5 ఉంది, ఆయన పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత అనే వచనం. పాత ఇంగ్లిష్ బైబిల్లో ఆ దెబ్బలకు వాడిన మాట 'స్ట్రైప్స్', చారలకూ అదే మాట.

అప్పటి అమెరికా పరిస్థితి కూడా చూడాలి. 1985 సెప్టెంబరులో సెనేట్ కమిటీ పనిగట్టుకుని రాక్ పాటల మీద విచారణ జరిపింది. సెనేటర్ అల్ గోర్ భార్య టిప్పర్ గోర్, మరికొందరు వాషింగ్టన్ ప్రముఖుల భార్యలు పెట్టిన సంఘం, పిల్లల్ని చెడగొడుతున్న పాటలు పదిహేను ఏరి పట్టీ వేసింది. (కుర్రాళ్ళకు ఏ క్యాసెట్లు కొనాలో అంతకుముందు అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.) ఇటు ప్రసంగీకులు గ్రామఫోన్ రికార్డులను వెనక్కి తిప్పి, అందులో సాతాను మాట్లాడుతున్నాడని వినిపించేవారు. సాతాను ముందుకు తిప్పినప్పుడు ఎందుకు మాట్లాడడో అడిగే ధైర్యం ఆదివారం బడిలో ఎవరికీ ఉండేది కాదు.

ఆ ప్రసంగాలు నమ్మే ఇంట్లో పదిహేనేళ్ళ పిల్లవాడి అవస్థ ఊహించండి. వాడికి కావలసింది చెవులు దిమ్మెక్కించే గిటార్. ఇంట్లో అనుమతి ఉన్నది పియానో, ఆర్గన్, కాస్త పెద్దమనసు చేసుకుంటే అకూస్టిక్ గిటార్. ఈ చిక్కును విడదీయడానికి క్రైస్తవ పుస్తకాల షాపులు ఒక చార్టు తగిలించేవి. ఎడమపక్క లోకసంబంధమైన బృందం పేరు, కుడిపక్క దానికి సరిపోయే విశ్వాసుల బృందం పేరు. నీకు ఫలానా మెటల్ బృందం ఇష్టమా, అయితే ఇది విను. డాక్టరు షుగరు మానమంటే మందుల షాపువాడు తీపి మాత్ర చేతిలో పెట్టడం లాంటిదని కొందరు ఆక్షేపించారు గానీ, పిల్లవాడి తల్లికి ఆ చార్టు ఒక రసీదు. షాపులో అమ్మారు, బైబిళ్ళ పక్క అరలో అమ్మారు. ఇంకేం అభ్యంతరం?

అభ్యంతరం జిమ్మీ స్వాగర్ట్‌కు ఉంది. లూసియానాకు చెందిన ఈ టీవీ సువార్తికుడు క్రైస్తవ రాక్ మొత్తాన్నీ గొర్రె తోలు కప్పుకున్న తోడేలుగా తేల్చి, 1987లో దాని మీద ఒక పుస్తకమే వేశారు. రాక్ అండ్ రోల్ గురించి ఆయనకు తెలియదని అనలేం, ఆ సంగీతపు తొలితరం గాయకుడు జెర్రీ లీ లూయిస్ ఆయనకు స్వయానా కజిన్. అసలు తమాషా మరొకటి. స్వీట్ కుటుంబం 1970లలో రక్షణ పొందింది టీవీలో ఈయన ప్రసంగాలు చూసే. అంటే తాను నాటిన మొక్కకే చారల పూలు పూశాయి. ఆయన ఒప్పుకోలేదు. అభిమానులు కూడా ఈ సంగతి పెద్దగా ఎత్తలేదు. తమను తిట్టిన మనిషే తమకు మూలపురుషుడంటే వాదన జటిలమవుతుంది. 1988 ఫిబ్రవరిలో స్వాగర్ట్ టీవీలో ఎందుకు కన్నీళ్ళు పెట్టుకున్నారన్నది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

ఇక కచేరీల సంగతి. మిగతా బృందాలు జనంలోకి డ్రమ్ పుల్లలు, గిటార్ పిక్కులు విసిరేవి. స్ట్రైపర్ కొత్త నిబంధన గ్రంథాలు విసిరేది, బృందం స్టిక్కరు అంటించి మరీ. వేదిక మీద నుంచి బలంగా విసిరిన పుస్తకం ముందు వరసల్లో ఎవరో ఒకరి నుదుటికి తగిలే ఉంటుంది. మన కూడికల్లో 'వాక్యం నన్ను బలంగా తాకింది' అని సాక్ష్యం చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, బొప్పి చూపించగలిగినవాళ్ళు తక్కువ.

ఆల్బమ్ మొదటి అట్ట మీద నలుగురు దేవదూతలు సాతానును అగ్నిగుండంలోకి తోస్తుంటారు. ఆ దూతలు చిత్రంగా ఈ నలుగురిలాగే ఉన్నారు. గొడవ రేగి, తర్వాతి ప్రతులకు నల్లటి అట్ట వేశారు. దెయ్యాన్ని కొడుతున్న బొమ్మకే దెయ్యం అంటుతుందేమోనన్న జాగ్రత్త అది. దాంతో పాత అట్ట ఉన్నవాళ్ళు సీనియర్ విశ్వాసులైపోయారు.

ఆల్బమ్ పది లక్షల ప్రతుల ప్లాటినం గుర్తింపు దాటింది. ఎంటీవీలో వీడియోలు పదేపదే వచ్చాయి. 'ఆనెస్ట్‌లీ' అనే మెత్తని పాట అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్ళింది. ఇక్కడ అభిమానులకు చిన్న ఇబ్బంది ఎదురైంది. ఆ పాట దేవుడికి పాడుకోవచ్చు, ఎదురింటి అమ్మాయికీ పాడుకోవచ్చు. క్షేత్రయ్య పదాలు విని పెరిగిన మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు గానీ, అమెరికా క్రైస్తవ సంగీత వ్యాపారంలో నిమిషానికి ఎన్నిసార్లు యేసు పేరు వస్తోందో లెక్కపెట్టడం మీద ఒక పరిహాసమే ఉంది. ఆ లెక్కన ఈ పాటకు మార్కులు తక్కువ. అయినా అభిమాని తడబడలేదు. తాను మాత్రం దేవుణ్ణి తలుచుకునే విన్నానన్నాడు. కచేరీలో లైటర్ వెలిగించి పక్కనున్న అమ్మాయి వైపు చూసింది వెలుతురు కోసమే.

మాటల కోసమే వింటామని ప్రమాణం చేసే ఈ శ్రోతలను వాల్యూమ్ ఎప్పుడు పెంచుతారో గమనించండి. ఇద్దరు గిటారిస్టులు ఒకే స్వరమాలను జంటగా పరుగెత్తించే చోట. అక్కడ ఒక్క వచనమూ ఉండదు.

ఈ బాధంతా తెలుగువాళ్ళకు లేకుండా పురుషోత్తమ చౌధరి లాంటివారు 19వ శతాబ్దంలోనే మేలు చేశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిస్తే పాట నెత్తినే రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. సంగీతం ఎక్కడి నుంచి వచ్చిందో బాహాటంగా చెప్పుకున్నాక అందులో దొంగతనం ఏముంటుంది? స్ట్రైపర్ కూడా 'రాగం: డిస్టార్షన్, తాళం: డబుల్ బేస్' అని పైన వేసుకుని ఉంటే సగం ప్రసంగాలు ఆగిపోయేవి.

1990లో బృందానికి దుర్బుద్ధి పుట్టింది. 'అగెయినెస్ట్ ద లా' అనే ఆల్బమ్‌లో చారలు తీసేసి, సువార్త మాటలు తగ్గించి, గిటార్ గట్టిగా వాయించారు. అంతకుముందు బిగుతు ప్యాంట్లను చూసి నొచ్చుకున్నవాళ్ళు ఇప్పుడు నల్లబట్టలను చూసి నొచ్చుకున్నారు. పుస్తకాల షాపుల్లో ఆదరణ పడిపోయింది. వాయిద్యం మెరుగైందని ఒకరిద్దరు గొణిగారు గానీ, రసీదు లేని సరుకును ఇంట్లోకి ఎలా తేవడం? 1992లో మైకేల్ బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత మళ్ళీ కలిశారు, చారలు మళ్ళీ తొడిగారు. ఈసారి చారలు నడుం దగ్గర కాస్త వెడల్పయ్యాయి, వేదిక మీదా, వేదిక కిందా. 2018లో 'గాడ్ డ్యామ్ ఈవిల్' అనే ఆల్బమ్ తెచ్చారు. చెడును దేవుడు శపించుగాక అన్న ప్రార్థన అది. చివరి మాట దాకా చదవకపోతే మాత్రం పచ్చి బూతు. ఆ పేరు చూసి వాల్‌మార్ట్ తన షాపుల్లో పెట్టనందని మైకేల్ చెప్పాడు. అభిమానుల సంతోషానికి అవధుల్లేవు. ముప్ఫై రెండేళ్ళ తర్వాత మళ్ళీ సమర్థించడానికి ఒక పేరు దొరికింది. వ్యాకరణం, ప్రార్థన, కీర్తనల గ్రంథంలోని శాపవచనాలు అన్నీ బయటికొచ్చాయి. కొత్త పాటలు ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే, ఆగండి, ఇంకా పేరు దగ్గరే ఉన్నాం అన్నారు.