మహారాజశ్రీ జిప్ కవరులోని తెల్లపొడి గారికి

మత్తుమందుగా అమ్ముడుపోయే మహారాజశ్రీ తెల్లపొడి గారి దివ్యసముఖమునకు, విశాఖపట్నంలో కేజీహెచ్ ఆసుపత్రి చేరువన మందుల దుకాణం నడుపుకొనే ఒక సామాన్యుడు చేసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. తమరు క్షేమంగానే ఉన్నారని బీచ్‌రోడ్డు శనివారపు కబుర్లను బట్టి తెలుస్తూనే ఉంది. తమరిని నమ్ముకున్నవారి క్షేమం గురించే ఈ ఉత్తరం.

ముందుగా తమరి పరపతిపై నాకున్న అసూయను మనవి చేసుకుంటాను. నా దుకాణానికి వచ్చే కుర్రవాడు పది జ్వరం మాత్రలు కొన్నా సరే, స్ట్రిప్పును వెనక్కి తిప్పి, ట్యూబులైటు వెలుతురుకు ఎత్తిపట్టి, వెండిరేకు మీద సగం చెరిగిన అంకెల్లో గడువు తేదీని వెతుకుతాడు. మంచి కంపెనీదేనా అని ఒకసారి, జెనరిక్ అంటగట్టడం లేదు కదా అని మరొకసారి అడుగుతాడు. చివరికి బిల్లు కూడా ఇమ్మంటాడు. అదే కుర్రవాడు ఆ రాత్రి తమరిని కొనేటప్పుడు బ్యాచ్ నంబరు అడగడు, తయారీదారు ఎవరని అడగడు, ధర గురించి బేరమైనా ఆడడు. "ప్యూర్ సరుకు మావా" అన్న స్నేహితుడి ఒక్క మాటే అతనికి లైసెన్సు, ల్యాబు రిపోర్టు, గ్యారంటీ కార్డు. ఆ స్నేహితుడికి కూడా ఇంకో మావా చెప్పిన మాటే తప్ప వేరే ఆధారమేమీ ఉండదనుకోండి.

2024 మార్చిలో మా పోర్టుకు బ్రెజిల్ నుంచి ఒక కంటెయినరు వచ్చింది. అందులో ఇరవైఐదేసి కిలోల బస్తాలు వెయ్యి ఉన్నాయి. కాగితాల్లో ఎండు ఈస్టు అని రాసి ఉంది. అందులో మత్తుపదార్థాలు కలిశాయేమోనన్న అనుమానంతో సీబీఐ వారు ఆ రాతతో తృప్తిపడక బస్తాలు విప్పించి, కిట్లతో పరీక్షించి, అదీ చాలదని నమూనాలను ప్రయోగశాలకు పంపించారు. కేంద్ర దర్యాప్తు సంస్థ పడిన ఆ శ్రమలో వెయ్యోవంతు కూడా పడకుండానే తమరిని నేరుగా నాలుక మీద వేసుకునే ధైర్యవంతులు మా ఊళ్లో ఉన్నారు.

ఇంతకీ తమరెవరు? ఎక్స్టసీ అని కూడా పిలిచే మత్తుమందు ఎండీఎంఏ అని చెప్పుకుంటారు. 1912లో జర్మనీలో మెర్క్ కంపెనీ ప్రయోగశాలలో పుట్టిన ఆ పదార్థమే తమరైతే ఒంటివేడిని ప్రాణం మీదికి వచ్చేంత పెంచగలరు. అయినా కనీసం ఊరూ పేరూ ఉన్నాయని సరిపెట్టుకునేవాళ్లం. కాని ఆ పేరుతో పీఎంఏ అనే మరో పదార్థం కూడా అమ్ముడుపోతుంది. అది మెల్లగా ఎక్కుతుంది కనుక, ఏమీ కాలేదే అని రెండోది మింగినవాడికి రెండూ కలిసి ఒకేసారి లెక్క తేలుస్తాయి.

ఎండుటాకు మీద రసాయనం చల్లి గంజాయికి బదులుగా అమ్మే తమరి తమ్ముడు స్పైస్ సంగతి ఇంకా చిత్రం. (మా మన్యంలో గంజాయికి శీలావతి అని పేరు పెట్టినవారి హాస్యచతురతకు ఈ సందర్భంగా ఒక నమస్కారం.) అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో జాన్ హఫ్‌మన్ అనే ఆచార్యుడు పరిశోధన కోసం తయారుచేసిన జేడబ్ల్యూహెచ్-018 అనే రసాయనం 2008లో ఐరోపాలో స్పైస్ పొట్లాల్లో బయటపడింది. గంజాయిలోని మత్తుపదార్థం టీహెచ్‌సీ మెదడులోని గ్రాహకాన్ని (రసాయనం వచ్చి అతుక్కునే చోటును) పాక్షికంగా ప్రేరేపిస్తే, ఇది పూర్తిస్థాయిలో ప్రేరేపిస్తుంది. పైగా ఎండుటాకు మీద చేసిన పిచికారీ అంతటా సమంగా పడదు కనుక, అదే పొట్లంలో ఒక చిటికెలో ఏమీ ఉండదు, పక్క చిటికెలో మూర్ఛ ఉంటుంది.

తమరి వంశంలో నేను అందరికన్నా ఎక్కువగా తలుచుకునేది మాత్రం ఎంపీటీపీ గారిని. 1982లో కాలిఫోర్నియాలో హెరాయిన్‌కు బదులుగా ఎవరో తయారుచేసిన పొడిలో, తయారీలో దొర్లిన పొరపాటు వల్ల వారు ప్రవేశించారు. ఆ పొడిని నరానికి ఎక్కించుకున్న యువకులు కొందరు కొద్దిరోజుల్లోనే కదలలేక, నోరు మెదపలేక, సాధారణంగా వయసు మళ్లినవారికి వచ్చే పార్కిన్సన్ లక్షణాలతో ఆసుపత్రులకు చేరారు. మెదడులో డోపమైన్‌ను తయారుచేసే కణాలే చచ్చిపోయాయి. ఆ తరువాత శాస్త్రవేత్తలు కోతుల్లో ఆ జబ్బును పుట్టించి పరిశోధించడానికి అదే ఎంపీటీపీని వాడుకున్నారు. కోతులకు ఎంత ఇవ్వాలో కొలిచి మరీ ఇచ్చారు. మనుషులకు ఆ మర్యాద దక్కలేదు.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు "ఏం తీసుకున్నాడు?" అని అడిగినప్పుడు, మోసుకొచ్చిన స్నేహితులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. వాళ్లకు నిజంగానే తెలియదు. మామూలు మూత్రపరీక్షకు తమరి బంధువుల్లో చాలామంది చిక్కరు కూడా. చట్టం మాత్రం తమరి విలువను తూకం వేసి పెట్టింది: ఎండీఎంఏ పది గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, తక్కువలో తక్కువ పదేళ్ల జైలు.

కాబట్టి తమరికి నా కోరిక ఒక్కటే. ఇకమీదట కవరు మీద పదార్థం పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, తేడా వస్తే ఎవరిని పట్టుకోవాలో ఆ చిరునామా ముద్రించుకుని రండి. నాకు ఆ నియమాలన్నీ ఉన్నాయి, తమరికి మాత్రం ఎందుకుండకూడదు? తయారీదారుకు ఈ ఉత్తరం పంపుదామంటే తమరి కవరు మీద చిరునామా లేదు కనుక, దీని నకలును 1972 ఫోన్ నంబరులో దొరికే, మత్తుమందులను అరికట్టే పోలీసుల ఈగల్ విభాగం వారికి అందజేస్తున్నాను. జవాబు వారికే ఇచ్చుకోగలరు.

ఇట్లు,
తమరి వల్ల గిరాకీ పెరగనక్కర్లేదని కోరుకునే
ఒక మందుల దుకాణదారు