కిలో హెరాయిన్ ఉంది, గ్రాము టెన్షన్ లేదు

ఆదివారం పూట ఆర్టీసీ క్రాస్ రోడ్స్ ట్రాఫిక్‌లో పడి వెళ్లి మరీ చూసింది ఈ సినిమానా! హీరోగారు సూట్‌కేసులో కిలో హెరాయిన్‌తో సింగపూర్‌లో దిగుతారు, కస్టమ్స్ ఆఫీసర్ ఓ నవ్వు నవ్వి పంపించేస్తాడు. అయ్యా, అక్కడ స్వచ్ఛమైన హెరాయిన్ 15 గ్రాములు దాటి రవాణా చేస్తే ఉరిశిక్ష దాకా వెళ్తుంది, విమానంలో నింపే కాగితం కార్డు మీదే ఆ హెచ్చరిక ఎర్రక్షరాల్లో ఉండేది. ఆ ఒక్క కార్డు దగ్గరగా చూపించినా మాకు చెమటలు పట్టేవి కదా! అది వదిలేసి పబ్బులో పాట, ఛేజింగు, మళ్లీ పాట. విలన్ సినిమా అంతా కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు (పాపం, ఆయనకీ ఏమీ కనిపించలేదేమో). ఇంటర్వెల్ ట్విస్టయితే పక్కసీటు పిల్లాడు సమోసా నములుతూ ముందే చెప్పేశాడు. పైగా దీనికి రెండో భాగం కూడా ఉందట, ఎవరడిగారు బాబూ?